రాత్రి ఎనిమిదిన్నరకి సూర్యోదయం

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యాను. న్యూజెర్సీలో ఉండే మా అబ్బాయి దసరాకి వచ్చినప్పుడు, తను వాడి పక్కన పెట్టేసిన ఆండ్రాయిడ్ ట్యాబ్ ఒకటి మా అమ్మాయి కూతురికి ఇచ్చి వెళ్ళాడు. పిల్ల ఏడో తరగతి. చుక్కల పిచ్చి. అందులో ఆకాశం చూపించే యాప్ ఒకటి వేసుకుని సంక్రాంతి సెలవుల్లో రోజూ నన్ను మేడ ఎక్కించింది. ఉత్తరానికి తిప్పితే అది ఇంకెటో చూపిస్తుంది. ఒకరోజు రాత్రి ఎనిమిదిన్నరకి ఆగ్నేయంలో సూర్యుడు ఉన్నాడంది! పండగనాడు చూస్తే సూర్యుడు ధనుస్సులో ఉన్నట్టు ఉంది, పంచాంగంలోనేమో మకరంలోకి వచ్చేశాడు. యాప్ తప్పా, పంచాంగం తప్పా అని పిల్ల అడిగితే నా దగ్గర జవాబు లేదు. డబ్బు కట్టే యాప్ అయితే సరిగ్గా చూపిస్తుందా? ఏది కొనమంటారు? చీకట్లో దాన్ని చూస్తే కళ్ళు పాడవుతాయని ఇంట్లో గొడవ కూడా నడుస్తోంది.
– ఒక తాతయ్య, గుంటూరు

జవాబు: మాస్టారూ, నమస్కారం. ఇప్పుడే ఏమీ కొనకండి. మీ యాప్‌కి రోగం లేదు. రాత్రి ఎనిమిదిన్నరకి సూర్యుణ్ణి చూపించిందన్నారు చూడండి, అక్కడే నాకు దొంగ దొరికాడు.

చలికాలంలో న్యూజెర్సీ గడియారం మనకంటే పదిన్నర గంటలు వెనక నడుస్తుంది. ట్యాబ్ ఇక్కడికి వచ్చాక ఎవరో, బహుశా మనవరాలే, గంటలూ నిమిషాలూ చేత్తో జరిపి మన టైము పెట్టి ఉంటారు. టైమ్ జోన్ మాత్రం న్యూయార్క్‌దే ఉండిపోయింది. అంటే గోడ గడియారం ఎనిమిదిన్నర అంటే ట్యాబ్ కూడా ఎనిమిదిన్నరే అంటుంది, కానీ దాని లెక్కలో అది న్యూయార్క్ ఎనిమిదిన్నర. అక్కడ రాత్రి 8:30 అయ్యేసరికి మనకి మర్నాడు పొద్దున 7 గంటలు. సంక్రాంతి రోజుల్లో గుంటూరులో పొద్దున ఏడింటికి సూర్యుడు ఎక్కడుంటాడు? అప్పుడే లేచి, ఆగ్నేయంలో రెండు మూడు వేళ్ళ ఎత్తున ఉంటాడు. పాపం యాప్ సరిగ్గా అదే చూపించింది. ఊరు గుంటూరు అని తెలుసుకుంది, వేళ మాత్రం పరాయిది.

సెట్టింగ్స్‌లో తేదీ, సమయం అన్న చోటికి వెళ్ళి టైమ్ జోన్ మార్చండి. అక్కడ హైదరాబాదు గానీ విజయవాడ గానీ కోసం వెతక్కండి, దొరకవు. దేశం మొత్తానికి కోల్‌కతా అనే ఉంటుంది. జోన్ మార్చగానే గడియారం ఎటో పోతుంది, అప్పుడు టైము మళ్ళీ సరిచేయండి. లేదా జోన్ మార్చాక వైఫై తగిలించి, ఆటోమేటిక్ సమయం అన్నది ఆన్ చేసి వదిలేస్తే టైము అదే సర్దుకుంటుంది.

ఇక దిక్కులు. దీనికి సమాధానం చెప్పేముందు మిమ్మల్ని ఒకటి అడగాలి. ట్యాబ్‌కి పుస్తకం అట్టలా మూసే కవరు ఉందా? ఉంటే దాని అంచు ఇనప బీరువా తలుపుకి ఆనించి చూడండి. టప్పున అతుక్కుంటే లోపల అయస్కాంతాలు ఉన్నట్టే. మూసినప్పుడు తెర ఆరిపోవడానికీ, కవరు ఊడిపోకుండా ఉండటానికీ వాటిని పెడతారు. ట్యాబ్ లోపలున్న దిక్సూచి కూడా అయస్కాంతం మీద ఆధారపడేదే కాబట్టి అది భూమి ఉత్తరాన్ని వదిలేసి, అంగుళం దూరంలో ఉన్న కవరు వైపు మొగ్గుతుంది. కిందటేడు ఇక్కడ విజయవాడలో మా పక్కింటి కుర్రాడు నాకు ఇదే పంచాయితీ తెచ్చాడు. గుణదల కొండ మీది దీపాలు కళ్ళెదుట కనిపిస్తుంటే వాడి ట్యాబ్ అది పడమర అంటోంది. కవరు ఊడదీసి పిట్టగోడ మీద పెట్టి, ట్యాబ్‌ను గాల్లో అడ్డంగా పడుకున్న ఇంగ్లీషు 8 అంకెలా నాలుగుసార్లు తిప్పాం. తెర మీద చుక్కలన్నీ ఒక్కసారి గిర్రున తిరిగి తమ చోటుకి తాము వచ్చి కూర్చున్నాయి. వాడి మొహం చూడాలి!

కవరు తీసినా కుదరకపోతే మీరు నిలబడ్డ చోటు మార్చండి. మేడ మీద ట్యాంకు కింద ఇనప స్టాండు, డిష్ గొట్టం, పిల్లర్లలోంచి పైకి పొడుచుకొచ్చిన ఊచలు, వీటికి నాలుగైదు అడుగులు ఎడంగా ఉండాలి. అయినా మారలేదంటే ఆ ట్యాబ్‌లో దిక్సూచి లేదేమో. చవక ట్యాబుల్లో చాలావాటికి పెట్టరు. అదేమీ పెద్ద లోటు కాదు. యాప్‌లో సెన్సారు ఆపేసి వేలితో జరుపుకుంటూ పటంలా చదువుకోవచ్చు. నిజానికి నేను పిల్లలకి ముందు అదే నేర్పుతాను. వాస్తు పుణ్యమా అని మన ఇళ్ళలో దిక్కులు తెలియనివాళ్ళు ఎవరున్నారు గనక! ఓవర్‌హెడ్ ట్యాంకు నైరుతి మూలన ఉంటుంది, దాని ఎదురు మూల ఈశాన్యం. దక్షిణానికి తిరిగి నిలబడితే తూర్పు ఎడమ చేతివైపు. ఇంతకంటే దిక్సూచి చెప్పేదేముంది?

ఇంకొక పేచీ ఉంది, ఇప్పుడు కాకపోయినా రేపు వస్తుంది. వైఫై మాత్రమే ఉన్న ట్యాబుల్లో చాలావాటికి జీపీఎస్ ఉండదు. ఐప్యాడ్‌లోనూ వైఫై రకానికి ఉండదు. ఇంట్లో వైఫై ఆసరాతో ఊరు పసిగడతాయి. మేడ మీద సిగ్నలు అందకపోయినా, ఎవరైనా రీసెట్ చేసినా పాత ఊరికో, యాప్ పుట్టిన దేశానికో పోయి కూర్చుంటాయి. అందుకని యాప్‌లోనే ఊరి పేరు చేత్తో పెట్టేయండి. గుంటూరు అక్షాంశం 16.3 డిగ్రీలు, రేఖాంశం 80.4. మా విజయవాడకి 16.5, 80.6.

అది సరిగ్గా కూర్చుందో లేదో తేల్చుకోవడానికి యాప్‌తో పని లేదు. మన రెండు ఊళ్ళకీ దేవుడిచ్చిన పరీక్ష ఒకటుంది. రోహిణి నక్షత్రం భూమధ్యరేఖకి ఎంత ఉత్తరంగా తిరుగుతుందో, విజయవాడ కూడా దాదాపు అంతే ఉత్తరంగా ఉంది, 16.5 డిగ్రీలు. కాబట్టి రోహిణి రోజూ మన నడినెత్తి మీదుగానే పోతుంది. గుంటూరులో అయితే చంద్రబింబంలో సగమంత తేడా, అంతే. సంక్రాంతి రోజుల్లో రాత్రి 9 గంటలకి, జనవరి ఆఖరికి 8కి, ఫిబ్రవరి మధ్యకి 7కి అది సరిగ్గా తల మీదకి వస్తుంది. మేడ మీద చాప పరుచుకుని వెల్లకిలా పడుకోండి, నిలబడి చూస్తే మెడ పట్టేస్తుంది. కాస్త ఎర్రగా, నిప్పు కణికలా మెరిసేది రోహిణి. దానికి ఒకటిన్నర పిడికిళ్ళ దూరంలో వాయవ్యంగా గుత్తిలా కనిపించేవి కృత్తికలు. మా నాయనమ్మ వాటిని పిల్లలకోడి అనేది. ఇప్పుడు యాప్ తెరిచి చూడండి. అందులోనూ రోహిణి నడినెత్తిన ఉంటే ట్యాబ్ గుంటూరు చేరినట్టే. టైమ్ జోన్ సరిచేశాక కూడా రోహిణి నేల కింద ఉన్నట్టు చూపిస్తే అది ఇంకా న్యూజెర్సీలోనే కాపురం ఉంటోంది. యాప్‌లో రోహిణి అని ఉండదు, ఆల్డెబరాన్ అని వెతకాలి.

డిగ్రీలంటే మనవరాలు భయపడక్కర్లేదు. చెయ్యి చాచి పట్టుకుంటే పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు, జానెడు 20, చిటికెన వేలు 1. చిన్న చేతికి కొలత చిన్నది, కానీ చెయ్యి కూడా పొట్టిదే కాబట్టి లెక్క సరిపోతుంది. ధ్రువ నక్షత్రం మనకి ఉత్తరాన ఒకటిన్నర పిడికిళ్ళ ఎత్తులోనే ఉంటుంది, అందుకే ఎదురింటి మేడ అడ్డొస్తే కనపడదు. సినిమాల్లో చూపించినట్టు ఎక్కడో పైన ధగధగలాడుతూ ఉంటుందనుకుని వెతికి విసిగిపోయినవాళ్ళు నాకు బోలెడుమంది తెలుసు.

యాప్‌లు. మీది ఆండ్రాయిడ్ కాబట్టి రెండు చాలు. ఒకటి స్కై మ్యాప్. గూగుల్ ఉద్యోగులు 2009లో తెచ్చిన యాప్ ఇది, 2012లో దాని కోడ్ అందరికీ వదిలేశారు. ఉచితం. పాత ట్యాబ్ మీద కూడా బరువు లేకుండా నడుస్తుంది, నెట్ లేకపోయినా పనిచేస్తుంది. చూడ్డానికి అందంగా ఉండదు, నాకు అదే నచ్చుతుంది. రెండోది స్టెల్లేరియం. ఇంట్లో కంప్యూటర్ ఉంటే దాని మీద పూర్తిగా ఉచితం, ట్యాబ్‌లో ఉచిత రకమూ, డబ్బు కట్టే ప్లస్ రకమూ ఉన్నాయి. ఉచితంది మీకు ఏళ్ళ తరబడి సరిపోతుంది. కంప్యూటర్ స్టెల్లేరియంలో స్కై కల్చర్ అన్న చోట భారతీయ పద్ధతి ఎంచుకుంటే మన నక్షత్రాల పేర్లు వస్తాయి, తెలుగు మాస్టారు కాబట్టి మీకు అది బాగా కాలక్షేపం. స్కైసఫారి చాలా మంచి యాప్, కాదనను. కానీ దాని పెద్ద రకాలు టెలిస్కోపు ఉన్నవాళ్ళకి పనికొస్తాయి. టెలిస్కోపు లేకుండా అది కొనడం ఎడ్లు లేకుండా బండి కొనడమే.

డబ్బు కడితే సరిగ్గా చూపిస్తుందా అన్నారు. గ్రహాలూ నక్షత్రాలూ ఎక్కడున్నాయో లెక్కకట్టే సూత్రాలు అందరికీ తెలిసినవే, ఉచిత యాప్ కూడా ఆ లెక్క తప్పదు. డబ్బు కట్టేది ఇంకా మసక చుక్కల పట్టికలకీ, బొమ్మలకీ, టెలిస్కోపు నడిపే సదుపాయానికీ. ఇక్కడ నా సొంత దెబ్బ ఒకటి చెప్పుకోవాలి. పేరు అనవసరం, ఒక యాప్ ఏడు రోజులు ఉచితం అంటే యూపీఐ ఆటోపేకి సరే అన్నాను. మూడో రోజుకి విసుగొచ్చి యాప్ తీసేశాను. ఎనిమిదో రోజు పొద్దున్నే ఏడాది చందా కట్ అయినట్టు బ్యాంకు మెసేజ్! యాప్‌ను తీసేస్తే చందా ఆగదు, ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్స్ అన్న చోటికి వెళ్ళి విడిగా రద్దు చేయాలి. ఈ సంగతి తెలియక కాదు, బద్ధకం. పిల్ల చేతిలో ట్యాబ్ కాబట్టి, ఏది కొనాలన్నా మీ పాస్‌వర్డ్ అడిగేలా ప్లే స్టోర్‌లో పెట్టేయండి. ఇంకొకటి, స్టోర్‌లో ఆస్ట్రో అని కొడితే ముందు జాతకాలవాళ్ళు క్యూ కడతారు. నిమిషానికి ఇంతని ఫోనులో మాట్లాడే జ్యోతిష్యులు మీ మనవరాలికి ఇప్పట్లో అవసరం లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వస్తాను. పంచాంగం తప్పా, యాప్ తప్పా? రెండూ ఒప్పే. సూర్యుడున్న చోటు గురించి వాటి మధ్య తగాదా లేదు. తగాదా గట్ల దగ్గర.

గుంటూరు జిల్లావాళ్ళకి, అందులోనూ అమరావతి పక్కన ఉన్నవాళ్ళకి, ఒకే పొలానికి మూడు సర్వేలు ఉంటే ఏమవుతుందో నేను చెప్పాలా! ఆకాశంలోనూ అంతే. మొదటి సర్వే పంచాంగానిది. సూర్యుడి దారిని 30 డిగ్రీల చొప్పున పన్నెండు సమాన రాశులుగా కోసింది, నక్షత్రాలను ఆనవాలుగా పెట్టుకుని. రెండో సర్వే ఇంగ్లీషు పత్రికల వారఫలాలది. అవీ పన్నెండు సమాన ముక్కలే, కానీ వాటి మొదలు నక్షత్రాల నుంచి కాక, మార్చిలో పగలూ రాత్రీ సమానమయ్యే బిందువు నుంచి లెక్కపెడతారు. మూడోది ఖగోళ శాస్త్రజ్ఞులది. అంతర్జాతీయ ఖగోళ సంఘం ఆకాశాన్ని 88 మండలాలుగా పంచి, 1930లో వాటి సరిహద్దులు ఖరారు చేసింది. ఇందులో ముక్కలు సమానం కావు. కన్యలో సూర్యుడు నెలన్నర ఉంటాడు, వృశ్చికంలో వారం. మధ్యలో సర్పధారి అనే పదమూడో మండలంలోంచి కూడా నడుస్తాడు. మీ యాప్ చూపించేది ఈ మూడో సర్వే. దాని ప్రకారం సూర్యుడు జనవరి 19, 20 దాకా ధనుస్సు గట్టు దాటడు. పంచాంగం ప్రకారం 14, 15 తేదీల్లోనే దాటేశాడు. ఇంగ్లీషు వారఫలాల ప్రకారం డిసెంబరు 22కే దాటేశాడు. సూర్యుడు ఒక్కడే, ఉన్న చోటూ ఒక్కటే.

మొదటి రెండు సర్వేలకీ మధ్య ఉన్న తేడానే మన పంచాంగకర్తలు అయనాంశ అంటారు. ఇప్పుడది 24 డిగ్రీల పైచిలుకు. భూమి బొంగరంలా మెల్లగా తల తిప్పుతుంది కదా, దానివల్ల ఇది దాదాపు 72 ఏళ్ళకి ఒక డిగ్రీ చొప్పున పెరుగుతూ వస్తోంది. వెనక్కి లెక్కేసుకుంటే సుమారు 1,700 ఏళ్ళ కిందట రెండూ కలిసి ఉండేవి. అప్పట్లో సూర్యుడు ఉత్తరానికి మళ్ళే రోజూ, మకర సంక్రమణమూ ఒకే రోజు. ఇప్పుడు సూర్యుడు నిజంగా మళ్ళేది డిసెంబరు 21, 22 తేదీల్లో. మీ మేడ మీద నుంచి కూడా ఇది పట్టుకోవచ్చు. డిసెంబరు మూడో వారంలో సూర్యుడు ఏ కొబ్బరిచెట్టు పక్కన ఉదయిస్తున్నాడో గుర్తు పెట్టుకోండి. సంక్రాంతికల్లా ఆ చోటు కాస్త ఎడమకి, అంటే ఉత్తరంగా జరిగి ఉంటుంది. సంక్రాంతి 14 నుంచి 15కి ఎందుకు జరుగుతోందని ఏటా వాట్సాప్‌లో కొట్టుకునే గొడవకి మూలం కూడా ఈ జరుగుడే. శాస్త్రవేత్త మేఘనాద్ సాహా అధ్యక్షతన 1950లలో వేసిన పంచాంగ సంస్కరణ సంఘం ఈ అయనాంశ విలువను ఒకచోట నిలబెట్టింది, 1956 మార్చి 21కి 23 డిగ్రీల 15 నిమిషాలు అని. కోల్‌కతాలోని పొజిషనల్ ఆస్ట్రానమీ సెంటర్ వేసే రాష్ట్రీయ పంచాంగం ఆ దారిలో నడిచేదే.

పిల్లకి ఇదంతా ఒక్కరోజే చెప్పకండి, పారిపోతుంది. బదులుగా ఒక ఆట నేర్పండి. మీ ఇంట్లో గోడకి పంచాంగం క్యాలెండరు ఉండే ఉంటుంది. అందులో ఇవాళ నక్షత్రం అని వేసేది చంద్రుడున్న చోటు. చంద్రుడు ఇరవై ఏడు రోజుల చిల్లరలో ఆకాశం చుట్టి వస్తాడు, అంటే రోజుకో నక్షత్రం ఇంట్లో బస. క్యాలెండర్లో రోహిణి అని ఉన్న రాత్రి మేడెక్కి, ముందు కళ్ళతో చంద్రుణ్ణి, రోహిణిని వెతకాలి. ఆనుకుని ఉండరు, పిడికిలి దూరం దాకా ఉండొచ్చు. మర్నాడు చూస్తే చంద్రుడు అదే వేళకి తూర్పుగా ఇంకో పిడికిలి పైన జరిగి మృగశిర దగ్గర ఉంటాడు. మూడోనాడు ఆరుద్ర. నోటుబుక్కులో రెండు కాలమ్‌లు: పంచాంగం ఏమంది, కంటికి ఏం కనిపించింది. యాప్ తెరవడం ఆ తర్వాతే. కార్తీక పౌర్ణమికి చంద్రుడు కృత్తికల దాపున ఎందుకుంటాడో, మాఘ పౌర్ణమికి మఖ దగ్గర ఎందుకుంటాడో, మన నెలల పేర్లు ఎలా పుట్టాయో మీరు చెప్పక్కర్లేకుండా తనే పట్టుకుంటుంది.

యాప్ నిజంగా గొప్పగా పనికొచ్చేది కంటికి కనపడనిది చూపించేటప్పుడు. ఉదాహరణకి రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండలని మనం అనే ఆ రెండు వారాల్లో, మే 25 ప్రాంతం నుంచి, రోహిణి ఏ రాత్రీ కనపడదు, ఎందుకంటే సూర్యుడే దాని పక్కన కూర్చుని ఉంటాడు. స్టెల్లేరియంలో తేదీ మే ఆఖరుకి మార్చి, మధ్యాహ్నం పన్నెండు పెట్టి, అట్మాస్ఫియర్ అన్న బొమ్మ నొక్కి ఆపేయండి. నీలం రంగు ఆరిపోయి పట్టపగలు చుక్కలు బయటపడతాయి. నడినెత్తిన సూర్యుడు, పక్కనే రోహిణి. కార్తె అన్న మాటకి ఇంతకంటే మంచి అర్థం నిఘంటువులో కూడా లేదు. మే మొదటి వారంలో, మళ్ళీ ఆగస్టు మొదటి వారంలో ఒక్కో మధ్యాహ్నం సూర్యుడు మన ఊళ్ళకి సరిగ్గా నెత్తి మీదకి వస్తాడు, నిలువుగా పాతిన కర్రకి నీడ ఉండదు. ఆ రోజు ఏదో పిల్లనే యాప్‌లో వెతికి పట్టుకోమనండి. ఆ రోజుల్లో గుంటూరులో నడిమధ్యాహ్నం గడియారం పన్నెండుకి కాదు, కొన్ని నిమిషాలు తర్వాత వస్తుంది. ఎందుకో కూడా అడగనివ్వండి.

కళ్ళ గొడవ. కళ్ళు పాడవడం వేరు, చీకటికి అలవాటుపడ్డ చూపు చెదరడం వేరు. చీకట్లోకి వచ్చాక కళ్ళు పూర్తిగా సర్దుకోవడానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది. ఒక్కసారి తెల్లటి తెర చూశామా, మళ్ళీ మొదటికి. ఇంట్లోవాళ్ళు భయపడేదాని సంగతి ఎలా ఉన్నా, చుక్కలు కనపడకపోవడానికి ముఖ్య కారణం అదే. యాప్‌లో నైట్ మోడ్ పెడితే తెర ఎర్రగా మారుతుంది, చీకటి చూపుని ఎరుపు అంతగా చెడగొట్టదు. అయినా పాత ట్యాబుల్లో తెర వెనక దీపం తెల్లగా కారుతూనే ఉంటుంది. వెలుతురు అడుగంటా తగ్గించి, పైన ఎర్ర జిలెటిన్ పేపరు రెండు పొరలు వేసి రబ్బరు బ్యాండ్లతో బిగించండి. పుస్తకాల షాపులో స్కూలు ప్రాజెక్టులకి అమ్మే కాగితమే. వాట్సాప్ మెసేజ్‌లు రాకుండా ఫ్లైట్ మోడ్ కూడా పెట్టాలి, లేకపోతే సరిగ్గా చూపు కుదిరే వేళకి ఎవరో గుడ్ నైట్ పంపుతారు.

యాప్‌లో తెర నిండా చుక్కలు చూసి బ్రాడీపేట ఆకాశంలో నాలుగే ఉన్నాయేంటని పిల్ల నీరసపడుతుంది. బాగా చీకటి ఉన్న చోట మామూలు కంటికి ఒకేసారి రెండు మూడు వేల చుక్కలు కనపడగలవు, ఊరి మధ్య వీధి దీపాల్లో వందైనా గగనమే. స్టెల్లేరియంలో కాంతి కాలుష్యం మోతాదు పెంచి మన ఊరికి దగ్గరగా పెట్టుకుంటే పోలిక కుదురుతుంది. ఆండ్రోమెడా గెలాక్సీ యాప్‌లో రంగుల సుడిలా ఉంటుంది, నిజంగా చూస్తే చీకటి చోట కూడా ఊదిన పొగలాంటి మరకే. కానీ ఆ మరక నుంచి మన కంటికి చేరిన వెలుగు 25 లక్షల ఏళ్ళ కిందట బయల్దేరింది.

టెలిస్కోపు జోలికి ఇప్పుడే వెళ్ళకండి. మంచి 7×50 బైనాక్యులర్ (ఏడు రెట్లు పెంచి చూపేది, ముందు అద్దాలు 50 మిల్లీమీటర్లవి) దొరికితే పిట్టగోడ మీద మోచేతులు ఆనించి గురుడి పక్కన చిన్న చుక్కలు చూడొచ్చు, 1610లో గెలీలియో చూసిన నాలుగు చంద్రులవి. గురుడు ఏ నెలలో ఎక్కడో యాప్ చెబుతుంది. బైనాక్యులర్‌ను పొరపాటున కూడా సూర్యుడి వైపు తిప్పనివ్వకండి, కళ్ళు నిజంగా పోయేది దానివల్ల.

హెవెన్స్ అబవ్ అనే యాప్ మూడోదిగా వేసుకోండి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మీ మేడ మీదుగా ఎప్పుడు పోతుందో నిమిషంతో సహా చెబుతుంది. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున, గంటన్నరకి ఒకసారి భూమిని చుట్టేస్తుంది. 2025 జూన్, జూలైల్లో మన శుభాంశు శుక్లా ఉండి వచ్చింది అందులోనే. పొద్దుగూకాక గంటా రెండు గంటల లోపో, తెల్లవారే ముందో కనిపిస్తుంది. ఆరని తెల్ల దీపంలా, చప్పుడు లేకుండా, నాలుగైదు నిమిషాల్లో ఆకాశం దాటుతుంది. ఒక్కోసారి నడిమధ్యలోనే ఎవరో ఊదినట్టు ఆరిపోతుంది, భూమి నీడలోకి దూరిందన్నమాట. మిణుకు మిణుకుమంటే మాత్రం గన్నవరంలో దిగే విమానం. మా మేడ మీద ఈ పొరపాటు ఇప్పటికీ జరుగుతుంది, చప్పట్లు కూడా కొడతాం.

శివరాత్రి దాకా ఆకాశం శుభ్రంగా ఉంటుంది, తర్వాత వానాకాలం మబ్బులు పట్టేదాకా కూడా ఫర్వాలేదు. ఒక ఆదివారం సాయంత్రం వీలైతే బాపట్ల దగ్గర సూర్యలంకకి తీసుకెళ్ళండి. దక్షిణం వైపు దీపాలు తక్కువ. ఫిబ్రవరిలో రాత్రి తొమ్మిది ప్రాంతంలో అక్కడ దక్షిణానికి తిరిగి జానెడు ఎత్తు కొలవమనండి. తెల్లగా, ఒంటరిగా మెరుస్తూ ఉంటాడు అగస్త్యుడు. ఆ వైపు ఆకాశంలో అంత కిందుగా అంత వెలిగేది ఇంకొకటి లేదు. యాప్‌లో కెనోపస్ అని ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో అయితే ఇంకా కిందుగా, పిడికిలి పైచిలుకు ఎత్తులో త్రిశంకు (ఇంగ్లీషులో సదరన్ క్రాస్) కూడా దొరుకుతాడు.

అగస్త్యుణ్ణి చూసిన రాత్రే న్యూజెర్సీకి వీడియో కాల్ చేయించండి. అక్కడికి అప్పుడు పగలు అవుతుంది లెండి. మామయ్యా, మీ ఊళ్ళో అగస్త్యుడు ఎప్పుడు ఉదయిస్తాడు అని పిల్లనే అడగమనండి. ఆయన యాప్‌లో తేదీలు ఎంత తిప్పినా దొరకడు. ఆ అక్షాంశంలో అగస్త్యుడు ఏడాది పొడుగునా దిగ్మండలం, అంటే నేలా ఆకాశం కలిసే అంచు, పైకి రాడు. మామయ్య తెల్లమొహం వేసేదాకా జవాబు మాత్రం చెప్పొద్దని మనవరాలికి ముందే చెప్పి ఉంచండి.